మా ఊరికి డీమార్ట్ ఎప్పుడొస్తుంది?

జిల్లా కేంద్రాల్లో వెలసింది. పక్క పట్టణానికీ వచ్చింది. మనకెప్పుడు? నెల సరుకుల కోసం నలభై కిలోమీటర్లు పోయొచ్చే ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్న ఇది. ఒక దుకాణం కోసం ఊరంతా ఇంతగా ఎందుకు ఎదురుచూస్తోంది? ఆ ఎదురుచూపులో ఊరు నిజంగా అడుగుతున్నదేమిటి?

ఊరి శివార్లలో, బైపాస్ కలిసేచోట, రెండెకరాల జాగా చుట్టూ నీలం రేకులు కడతారు. లోపల ప్రొక్లెయినర్ మట్టి తోడుతుంటుంది. బోర్డు ఉండదు, పేరు ఉండదు. అయినా సాయంత్రానికల్లా టీ బండి దగ్గరా, బడి గేటు ముందు పిల్లల కోసం నిలబడ్డ తల్లుల మధ్యా, కాలనీ వాట్సాప్ గ్రూపులోనూ ఒకటే మాట: "డీమార్ట్ వస్తోందట!" ఎవరన్నారంటే ఎవరో అన్నారు. మునిసిపల్ ఆఫీసులో ప్లాను పెట్టారని ఒకరు చెబితే, స్థలం అమ్మినాయన మా బావమరిదికి బాగా తెలుసని ఇంకొకరు. ఆర్నెల్లకు రేకులు తీస్తే లోపల కల్యాణ మండపమో, కార్ల షోరూమో ఉంటుంది. ఊరు ఉసూరుమంటుంది. ఇంకో జాగా చుట్టూ రేకులు లేచేదాకా ఆ మాట మళ్లీ వినపడదు.

ఇంకా డీమార్ట్ రాని తెలుగు పట్టణాల్లో ఇది అందరూ ఎరిగిన తంతు. డిగ్రీ కాలేజీ కోసం, ఎక్స్‌ప్రెస్ రైలు ఆగడం కోసం ఊళ్లు ఎదురుచూడటం మనకు తెలుసు. పప్పూ ఉప్పూ అమ్మే దుకాణం కోసం ఇలా కాచుకు కూర్చోవడం మాత్రం ఈ తరంలోనే చూస్తున్నాం. దీన్ని పట్నం మోజు అని తీసిపారేసేవాళ్లున్నారు. ఆ మాట అనేముందు ఒక్కసారి నెల మొదటి ఆదివారం ఏం జరుగుతుందో చూడాలి.

పెట్రోలు లెక్క

జీతం పడిన వారం. శనివారం రాత్రే చీటీ రాసుకుంటారు. కందిపప్పు, మినపగుళ్లు, చింతపండు, నూనె, సబ్బులు, టీపొడి, బట్టల సోడా, పిల్లల బిస్కట్లు. ఆదివారం పొద్దున్నే టిఫిన్లు ముగించి బయల్దేరతారు. కారున్నవాళ్లు కారులో, లేనివాళ్లు రెండు మూడు కుటుంబాలు కలిసి మాట్లాడుకున్న ఆటోలో. వచ్చేటప్పుడు ఒళ్లో సంచులు, కాళ్ల దగ్గర సంచులు.

ఇందులో మిగిలేదెంత? ఒక లెక్క వేసి చూద్దాం. ఐదువేల రూపాయల సరుకుల మీద నాలుగొందలు ఆదా అయిందనుకుందాం. రానూపోనూ ఎనభై కిలోమీటర్లు. లీటరుకు పద్దెనిమిది కిలోమీటర్లిచ్చే కారైతే దాదాపు నాలుగున్నర లీటర్ల పెట్రోలు. లీటరు వంద దాటిన రోజుల్లో ఆ నాలుగొందలూ బంకులోనే పోతాయి. మధ్యాహ్నం హోటల్లో తింటే చేతి చమురు వదులుతుంది. ఈ లెక్క ఇంటి ఖర్చు చూసుకునే ఆడవాళ్లకు తెలియక కాదు. అణా పైసలతో సహా తెలుసు. తెలిసీ వెళుతున్నారంటే, అక్కడ వాళ్లకు దొరుకుతున్నది చవకతనం ఒక్కటే అయ్యుండదు.

మొహం చూడని ధర

మన వీధి కొట్టులో సరుకుకూ మనకూ మధ్య ఒక బల్ల ఉంటుంది. బల్ల అవతల సరుకు, ఇవతల మనం. ఏం కావాలో నోటితో అడగాలి. ధర ఎంతో అడగాలి. ఎక్కువనిపిస్తే బతిమాలాలి, లేదా మాట్లాడకుండా పుచ్చుకోవాలి. కొట్టాయన మంచివాడే కావచ్చు. కానీ ఖాతాలో రెండు నెలల బాకీ ఉన్న మనిషికి కందిపప్పులో పురుగుందని గట్టిగా చెప్పే ధైర్యం ఉండదు. పదిమంది నిలబడ్డ చోట, వంద గ్రాముల నూనె ప్యాకెట్ అడిగే మనిషి చివరిదాకా ఆగాల్సి వస్తుంది. టీచరుగారికి చెప్పే ధర, వాళ్లింట్లో పనిచేసే అమ్మాయికి చెప్పే ధర ఒకటేనా అన్నది ఎవరూ తేల్చలేరు, ఎందుకంటే ధర ఎక్కడా రాసి ఉండదు.

పెద్ద దుకాణంలో ఆ బల్ల లేదు. అరల మధ్య ఎంతసేపైనా తిరగొచ్చు. ప్యాకెట్ చేతిలోకి తీసుకుని, ముద్రించిన ఎమ్మార్పీ, దాని కింద దుకాణం తగ్గించి ఇస్తున్న ధర, తయారీ తేదీ చదువుకోవచ్చు. నచ్చకపోతే తిరిగి అరలో పెట్టేయొచ్చు. ఎందుకు పెట్టావని అడిగేవాడు లేడు. డబ్బు చాలదనిపిస్తే కౌంటరు దాకా వచ్చి కూడా ఒకటి రెండు తీసేయొచ్చు. చివరికి చేతిలో పొడుగాటి బిల్లు పెడతారు. డాక్టరుగారికీ, ఆయన ఆస్పత్రిలో ఊడ్చే మనిషికీ ఒకే అర, ఒకే ధర, ఒకే వరస.

మనిషిని బట్టి మారని ధర. నా దృష్టిలో ఈ ఎదురుచూపుకంతటికీ మూలం అదే. ఆ గౌరవం కోసం నలభై కిలోమీటర్లు వెళ్లడానికి జనం సిద్ధంగా ఉన్నారంటే, ఊళ్లో అది ఎంత కరువైందో ఆలోచించాల్సింది మనమే.

అంత తక్కువకు ఎలా అమ్ముతారు?

డీమార్ట్ వెనకున్న మనిషి రాధాకిషన్ దమానీ. ముంబై స్టాక్ మార్కెట్‌లో ఆరితేరిన మదుపరి. పత్రికలకు దూరంగా ఉంటారు. 1999 ప్రాంతంలో నవీ ముంబైలో 'అప్నా బజార్' సహకార సంస్థ ఫ్రాంచైజీ ఒకటి తీసుకుని వెచ్చాల వ్యాపారం లోతుపాతులు చూశారు. తర్వాత 2002లో ముంబైలోని పవాయిలో మొదటి డీమార్ట్ తెరిచారు. దీన్ని నడిపే సంస్థ పేరు అవెన్యూ సూపర్‌మార్ట్స్. 2017 మార్చిలో 299 రూపాయలకు షేర్లు జారీ చేస్తే, మార్కెట్‌లో అడుగుపెట్టిన రోజే అవి రెట్టింపు ధర పలికాయి.

చవకగా అమ్మే కిటుకులో మాయమంత్రాలేమీ లేవు. మొదటిది, ఎక్కువ దుకాణాలు సొంత భవనాల్లోనో, దీర్ఘకాలపు లీజు మీదో ఉంటాయి. ఏటేటా పెరిగే అద్దె బాధ తక్కువ. రెండోది, సరఫరాదారులకు డబ్బు చాలా త్వరగా కట్టేస్తారు. నెలల తరబడి తిప్పుకునే వ్యాపారంలో వారం పది రోజుల్లో సొమ్ము చేతికొస్తుందంటే ఏ కంపెనీ అయినా ధర తగ్గించే ఇస్తుంది. మూడోది, హంగులుండవు. మెరిసే మాల్‌లో గదులు తీసుకోవడం కంటే విడిగా నిలబడ్డ భవనాలకే మొగ్గు. ఒక్కో వస్తువులో వంద రకాలు పేర్చడం కంటే బాగా కదిలే నాలుగు రకాలు పెట్టి, అవి త్వరగా ఖాళీ అయ్యేలా చూస్తారు. నాలుగోది, పండగ పూట ఒక్కరోజు ధర తగ్గించి మిగతా రోజుల్లో పెంచే పద్ధతి కాకుండా, ఏడాది పొడుగునా తక్కువగానే ఉంచుతారు. అమ్మకాల్లో సగానికి పైగా తినుబండారాలూ వెచ్చాలే. లాభం పాలు ఎక్కువగా ఉండే బట్టలు, ప్లాస్టిక్ సామాను, వంటపాత్రలు వాటికి ఆసరాగా నిలుస్తాయి. పప్పు కోసం వెళ్లి స్టీలు గిన్నె కూడా తెచ్చుకున్న అనుభవం చాలా ఇళ్లకు ఉన్నదే.

ఇంత ఆలస్యం ఎందుకు?

ఈ కిటుకులే మన ఎదురుచూపును పొడిగిస్తున్నాయి. సొంత స్థలంలో కట్టాలంటే ముందు స్థలం దొరకాలి. అమ్మకాలు సాగే అంతస్తులే ఒక్కో కొత్త దుకాణంలో సుమారు నలభై వేల చదరపు అడుగులుంటాయి. దానికి గోదాము, పార్కింగు, లారీ తిరిగే దారి కలపాలి. అంత జాగా ఊరికి మరీ దూరం కాకుండా, తగాదాలు లేని పట్టాతో, పెట్టుబడికి గిట్టే ధరలో దొరకాలి. అన్నదమ్ముల వాటాలు తేలని భూములు, దస్తావేజుకో సరిహద్దు ఉన్న భూములు మన పట్టణాల్లో కోకొల్లలు. స్థలం కుదిరాక అనుమతులు, నిర్మాణం.

దీనికి తోడు, ఈ సంస్థ ఒక ప్రాంతంలో పాతుకున్నాకే పక్కకు జరుగుతుంది. ఒక గోదాము చుట్టూ కొన్ని దుకాణాలుంటేనే లారీల ఖర్చు గిట్టుతుంది. అందుకే హైదరాబాద్‌లో పేటకొకటి కనిపిస్తుంది. విశాఖ, విజయవాడ, గుంటూరు, వరంగల్, కరీంనగర్, నిజామాబాద్ లాంటి చోట్ల ముందు వస్తుంది. ఆ తర్వాతే చిన్న పట్టణాల వంతు.

అంకెలు చూస్తే ఈ నిదానం ఇంకా బాగా తెలుస్తుంది. 2002లో మొదలుపెట్టిన సంస్థకు పదిహేనేళ్లకు, అంటే 2017 మార్చి నాటికి, దేశం మొత్తం మీద ఉన్నవి 131 దుకాణాలే. 2020 మార్చికి 214. 2025 మార్చి నాటికి 415. ఇప్పుడు వేగం పెరిగింది. 2024-25లో ఒక్క ఏడాదే యాభై తెరిచారు. కానీ దేశంలో పట్టణాలు వేలల్లో ఉన్నాయి. మా ఊరి వంతు వచ్చే ఏడాదే అని నమ్మకంగా చెప్పగలిగినవాళ్లు ఎవరూ లేరు. కొన్ని ఊళ్లకు ఎన్నటికీ రాకపోవచ్చు కూడా.

వచ్చినవి, పోయినవి

గొలుసు దుకాణాలు తెలుగువాళ్లకు కొత్తేమీ కావు. హైదరాబాద్‌లో 'త్రినేత్ర' 1986లోనే మొదలైంది. ఇంటి దగ్గరే చల్లగా, శుభ్రంగా ఉండే సూపర్‌మార్కెట్ అంటే ఏమిటో ఒక తరానికి అదే చూపించింది. 2007లో ఆదిత్య బిర్లా సంస్థ చేతికి వెళ్లి 'మోర్'లో కలిసిపోయింది. దేశంలో రిలయన్స్ ఫ్రెష్ మొదటి దుకాణాలు తెరుచుకున్నదీ హైదరాబాద్‌లోనే, 2006 నవంబరులో. చెన్నై నుంచి వచ్చిన 'సుభిక్ష' గల్లీగల్లీకీ విస్తరించి, 2009లో అప్పుల భారంతో కుప్పకూలింది. జనంతో కిటకిటలాడిన బిగ్ బజార్ 2022లో మూతపడింది. హెరిటేజ్ ఫ్రెష్ 2016లో ఆ బిగ్ బజార్‌ను నడిపిన ఫ్యూచర్ గ్రూపు చేతికే వెళ్లి, దానితోపాటే కనుమరుగైంది.

ఈ వరసలో ప్రభుత్వం తెచ్చిన ఒక మార్పును తప్పక చెప్పుకోవాలి. 1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజార్లు మొదలయ్యాయి. రైతు నేరుగా కూరగాయలు అమ్ముకునే చోటు. ఆ రోజు ధరలు గేటు దగ్గరే బోర్డు మీద రాసి ఉంటాయి. టమాటా ఎంత, బెండకాయ ఎంత అని అందరికీ కనపడేలా రాసిన ఆ బోర్డు, చాలా పట్టణాల్లో మధ్యతరగతి ఇల్లాలికి మొదటిసారి ధర విషయంలో ధీమా ఇచ్చింది. పక్క వీధి బండివాడితో బేరమాడేటప్పుడు కూడా "రైతుబజార్లో ఇంతే కదా" అనగలిగింది. పాతికేళ్లు దాటినా ఆ మాట చెల్లుబాటవుతోంది. అంటే, ఊరికి కావలసిన ధీమాను ఇవ్వడానికి ఎప్పుడూ బయటి సంస్థే రానక్కర్లేదని మనకే అనుభవంలో ఉంది.

ఫ్రిస్కోలో తెల్లవారుజాము వరస

ఈ ఎదురుచూపు మన ఊళ్లకే పరిమితం కాదు. అమెరికాలో డల్లాస్ వైపు బంధువులున్న తెలుగు కుటుంబాలకు 'హెచ్-ఈ-బీ' పేరు పరిచయమే. టెక్సాస్ రాష్ట్రపు సొంత దుకాణం అది. 1905లో కెర్‌విల్ అనే చిన్న ఊళ్లో ఫ్లోరెన్స్ బట్ అనే ఇల్లాలు అరవై డాలర్లతో పెట్టిన పచారీ కొట్టు, శాన్ ఆంటోనియో కేంద్రంగా మహా సంస్థ అయింది. హ్యూస్టన్, ఆస్టిన్ నగరాలకు అది రోజువారీ అలవాటు. డల్లాస్ చుట్టుపక్కల మాత్రం సంస్థ ఏళ్ల తరబడి స్థలాలు కొని ఉంచుకుంది; దాని మరో రకం దుకాణం 'సెంట్రల్ మార్కెట్' వచ్చింది; అసలు హెచ్-ఈ-బీ మాత్రం ఆ ఉత్తర శివారు పట్టణాలకు రాలేదు. హ్యూస్టన్, ఆస్టిన్‌ల నుంచి ఉద్యోగాల కోసం అటు మారినవాళ్లకు అది పెద్ద లోటు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. ఫ్రిస్కో, ప్లేనో, మెకిన్నీ, ఇర్వింగ్ ప్రాంతాల్లో తెలుగు మాట వినపడని వీధి అరుదు.

చివరికి 2022 సెప్టెంబరు 21న ఫ్రిస్కోలో దుకాణం తెరిచారు. తెల్లవారుజామున ఆరింటికి తలుపులు తీస్తే, రాత్రి నుంచే కుర్చీలు వేసుకుని కూర్చున్నవాళ్లతో పెద్ద వరస. అదే ఏడాది నవంబరులో ప్లేనో, మరుసటి ఏడాది మెకిన్నీ, ఆలెన్.

అమెరికాలో దుకాణాలకు కొదవా? లేదు. అక్కడ ధరలన్నీ రాసే ఉంటాయి కూడా. మరి జనం రాత్రంతా ఎందుకు కాచుకున్నారు? దానికి జవాబు కష్టకాలపు జ్ఞాపకాల్లో ఉంది. 2017లో హార్వీ తుపాను హ్యూస్టన్‌ను ముంచినప్పుడు ఈ సంస్థ వంటశాల లారీలు, మంచినీళ్లు పంపింది. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి కరెంటు పోయినప్పుడు, ఆస్టిన్ దగ్గరి లియాండర్ దుకాణంలో సరుకులతో నిలబడ్డ జనాన్ని డబ్బు తీసుకోకుండానే ఇళ్లకు పంపేశారు. ఆ కబురు రాష్ట్రమంతా పాకింది. దుకాణం మీద మనుషులకు మమకారం పుట్టేది తగ్గింపు ధరల దగ్గరే అయినా, నిలబడేది ఇలాంటి రోజుల వల్ల.

మన కొట్టాయన సంగతి

ఆ మాటకొస్తే మనకు అలాంటి రోజుల్లో అండగా నిలిచింది ఎవరు? 2020 లాక్‌డౌన్‌లో పొద్దున కొద్ది గంటలే దుకాణాలు తెరిచే వీలున్నప్పుడు, ఫోన్లో చీటీ చెబితే సంచి కట్టి గడపలో పెట్టింది వీధి కొట్టువాళ్లే. జీతం ఆలస్యమైతే వడ్డీ లేకుండా నెల సరుకులిచ్చేది వాళ్లే. రాత్రి పదింటికి చుట్టాలొస్తే అర షట్టరు కింద నుంచి పెరుగు ప్యాకెట్ అందేది అక్కడే. పెద్ద దుకాణంలో ధర అందరికీ ఒకటే, నిజం. అప్పు కూడా అందరికీ ఒకటే: ఎవరికీ ఉండదు. రోజు కూలి మీద బతికే ఇంటికి నెల సరుకులు ఒక్కసారే కొనే స్తోమత ఉండదు. ఆ ఇంటికి నలభై వేల చదరపు అడుగుల దుకాణం కంటే, సాయంత్రం కూలి డబ్బుతో అరకిలో బియ్యం, పావు నూనె కొనుక్కోగల కొట్టే ఆధారం.

కాబట్టి డీమార్ట్ వస్తే కొట్లు మూతపడాలని కోరుకునే ఊరు తన కాలు తానే నరుక్కున్నట్టు. కొట్లు బతకాలి. కానీ పాత పద్ధతిలోనే బతుకుతామంటే కుదరదు. పెద్ద దుకాణం వచ్చిన పట్టణాల్లో తెలివైన కొట్టువాళ్లు బల్ల జరిపి లోపలికి దారి ఇస్తున్నారు, అరల మీద ధరలు అంటిస్తున్నారు, బిల్లు చేతికిస్తున్నారు, ఫోన్‌పేతో చిల్లర గొడవ తీర్చేస్తున్నారు. అరువు, ఇంటికి పంపడం, పేరుపెట్టి పలకరించడం అనే తమ బలాలకు రాసిన ధర అనే బలాన్ని కలుపుకుంటున్నారు. అలాంటి కొట్టును ఏ గొలుసు దుకాణమూ అంత తేలికగా కదిలించలేదు.

పుకార్లతో జాగ్రత్త

• "డీమార్ట్‌కు రెండు నిమిషాల దూరం" అంటూ ప్లాట్ల బ్రోచర్లలో కనిపించే మాటను నమ్మి భూమి కొనకండి. సంస్థ పేరిట రిజిస్ట్రేషన్ జరిగిందా, మునిసిపాలిటీ అనుమతి ఇచ్చిందా అన్నవి మాత్రమే ఆధారాలు.

• డీమార్ట్ దుకాణాలన్నీ సంస్థే సొంతంగా నడుపుతుంది. ఫ్రాంచైజీ ఇప్పిస్తామని అడ్వాన్సు అడిగేవాళ్లకు పైసా ఇవ్వకండి.

• వార్షికోత్సవ బహుమతులు, ఉచిత కూపన్ల పేరుతో వాట్సాప్‌లో తిరిగే లింకులు గతంలో చాలామందిని బురిడీ కొట్టించాయి. వాటిని తెరవొద్దు, ఇతరులకు పంపొద్దు.

ఎదురుచూస్తూనే అడుగుదాం

మంచి దుకాణం మన ఊరికి రావాలని కోరుకోవడంలో తప్పేమీ లేదు. రావాలి కూడా. కుర్రాళ్లకు నాలుగు ఉద్యోగాలొస్తాయి, ఆదివారం పెట్రోలు మిగులుతుంది, మిగతా వ్యాపారులు ధర దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుంటారు. అయితే ఆ దుకాణంలో మనకు నచ్చిన విషయాల్లో చాలాభాగం చట్టం మనకు ఇప్పటికే ఇచ్చింది. ప్యాకెట్ మీద ఎమ్మార్పీ, నికర బరువు, తయారీ తేదీ ఉండి తీరాలి. ముద్రించిన ధర కంటే రూపాయి ఎక్కువ అడిగినా నేరమే. కాటాకు తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలి. కొన్నదానికి బిల్లు అడగడం మన హక్కు. అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫోన్ చేస్తే ఫిర్యాదు తీసుకుంటారు.

ఈ హక్కుల్ని మనం వాడం. కొట్టాయన మొహం చూసి ఊరుకుంటాం, లేదా పక్క ఊరికి బండెక్కుతాం. ఇకమీదట ఇంకో దారి పడదాం. కాలనీ సంఘం సమావేశంలో మన వర్తక సంఘాన్ని పిలిచి, విడి సరుకుల ధరలు బయట బోర్డు మీద రాయమని అడుగుదాం. రైతుబజారు లేకపోతే కావాలని కలెక్టరుకు అర్జీ ఇద్దాం, ఉండి పాడుబడితే బాగుచేయమని కౌన్సిలరును నిలదీద్దాం. పొదుపు సంఘాల మహిళలు తామే కలిసి టోకున కందిపప్పు, నూనె తెప్పించుకుని పంచుకుంటే రవాణా ఖర్చు పదిళ్ల మీద పడి పలచబడుతుంది. ఆ పని చేయగల సంఘాలు మన ప్రతి వీధిలో ఉన్నాయి.

డీమార్ట్ ఎప్పుడొస్తుందో నిర్ణయించేది ముంబైలో కూర్చున్నవాళ్లు. ధర రాయించుకోవడం, తూకం సరిచూసుకోవడం, పేదింటి మనిషిని వరసలో వెనక్కి నెట్టకుండా చూసుకోవడం మన చేతిలో ఉన్న పనులు. అవి చేసుకున్న ఊరికి పెద్ద దుకాణం వచ్చినా మంచిదే, రాకపోయినా లోటు ఉండదు.